పీపా పాట

మా అపార్ట్‌మెంట్ కింద ఈతకొలను ఉంది. ఆదివారం పొద్దున దాన్ని శుభ్రం చేసే మనిషి వచ్చి నీళ్ళలో తెల్లటి మందు కలిపి పోతాడు. ఆ ఘాటు వాసన మెల్లగా పైకెక్కి నా వంటింటి కిటికీ దాకా వస్తుంది. పక్కింటివాళ్ళు మొహం చిట్లించుకుని కిటికీలు వేసుకుంటారు. నేను మాత్రం పోపు గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతాను, ఆవాలు మాడిన వాసన వచ్చేదాకా. నా చిన్నతనానికి తొలకరి మట్టి వాసనో, మల్లెల వాసనో ఉండి ఉంటే నలుగురిలో చెప్పుకోవడానికి బాగుండేది. ఏం చేస్తాం, నా వంతుకు ఈతకొలను మందు వాసన వచ్చింది, దాని వెనకే ఒక పాట వచ్చింది.

మాది మొయినాబాద్ దగ్గర ఎంకపల్లి. నేను బడికి పోతున్న రోజుల్లోనే పట్నంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరసగా లేచాయి. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు శనివారం వచ్చేసరికి గాలి కోసం, చెట్ల కోసం, కోడికూర కోసం మా దిక్కు కార్లేసుకుని రావడం మొదలుపెట్టారు. అంతకుముందు మా రోడ్డు మీద సందడంటే చిల్కూరు గుడికి పోయే ఆటోలు, చేవెళ్ళ నుంచి పట్నానికి టమాటాలు, చామంతులు మోసే ట్రాలీలు, అంతే. చూస్తుండగానే రోడ్డు పక్క జొన్నచేన్లకు ఒక్కొక్కటిగా గోడలు లేచాయి. మా చేను కూడా అట్లాగే పోయింది. బాపు దాన్ని ఒక పట్నం మనిషికి అమ్మితే, ఆయన అందులో రిసార్ట్ కట్టి, ఈతకొలను తవ్వించి, మా తాత తవ్వించిన రాతిబావిని మాత్రం పూడ్చకుండా చుట్టూ పచ్చగడ్డి పెంచి, వచ్చినవాళ్ళు ఫోటోలు దిగడానికి ఉంచాడు.

చేను పోయాక ఇంట్లో ఎవరి దారి వాళ్ళదైంది. అమ్మ ఊరివాళ్ళ దగ్గర ఆకుకూరలు కొని, కట్టలు కట్టుకుని మొదటి బస్సుకు మెహదీపట్నం పోయేది, పొద్దుగూకినాక వచ్చేది. బాపు తెల్లచొక్కా వేసుకుని, భూములు చూపించేవాళ్ళతో మోటారుసైకిల్ మీద ఊళ్ళు తిరిగేవాడు. తోబుట్టువులు లేని నాకు ఇంట్లో మిగిలింది బాపు చెల్లెలు అంతమ్మత్త ఒక్కతే. పెండ్లయిన కొన్నాళ్ళకే భర్త పోతే బాపే పోయి ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంటి మనిషి. జడ వేసేది ఆమె, గచ్చకాయల్లో నన్ను ఓడించి వెక్కిరించేది ఆమె. వానాకాలం పొయ్యిలో మొక్కజొన్న కంకులు కాల్చి ఉప్పూ కారం రాసిచ్చేది. దసరా ముందు తంగేడు, గునుగు కోసం నన్ను గట్ల వెంట తిప్పి, ఇంటికొచ్చి సద్దుల బతుకమ్మకు నువ్వులపొడి, సత్తుపిండి, మలీద ముద్దలు కడుతూ, అమ్మ చూడకుండా ఒక ముద్ద నా చేతిలో పెట్టేది. సీతాఫలాలు మొదలైతే వడ్లగంపలో మగ్గబెట్టి, ఏది పండిందో వేలితో కాదు, వాసనతో చెప్పేది.

రిసార్ట్ తెరిచాక ఊళ్ళో ఆడవాళ్ళను గడ్డి ఏరే పనికి పిలిచారు. అంతమ్మత్త కూడా పోయింది. తాము జొన్న విత్తిన చేనులోనే, ఏమీ పండని గడ్డిలో కలుపు తీయడమేమిటని మొదట ఆమెకు నవ్వొచ్చింది. శనివారం సగంపూట బడి కాబట్టి నేను గోడ ఇవతల వేపచెట్టు కింద కూర్చుని ఆమె కోసం చూసేదాన్ని. గోడ మీదుగా ఈతకొలను వాసన వచ్చేది, నీళ్ళలో దూకిన పిల్లల కేకలు వచ్చేవి, వాటి కిందుగా స్పీకర్లలోంచి ఎప్పుడూ ఒకటే పాట వచ్చేది. మన పాటల్లా వలపోసుకుంటూ సాగేది కాదు, డోలులా గుండె మీద కొట్టేదీ కాదు. ఊగుతూ, నవ్వుతూ, ఎవరినో ఆటపట్టిస్తున్నట్టు ఉండేది. లోపల ఎవరు నవ్వుతున్నారో తెలియదు కానీ, బయట కూర్చున్న నాకు ఆ నవ్వులో చోటు లేదని మాత్రం తెలిసేది.

ఒక చలికాలం, కొత్త సంవత్సరం ముందు, ఆ పాటను ఎదురుగా వాయించడానికి గోవా నుంచి మనుషులను పిలిపించారు. ఆ సాయంత్రం అంతమ్మత్త కాళ్ళు కూడా కడుక్కోకుండా నా పక్కన కూలబడింది.

"రోడ్డుకు డాంబర్ పోసే పీపా లేదా బిడ్డా? గసోంటి పీపానే. సగానికి కోసి, మీద గుంతలు గుంతలు కొట్టిన్రు. పుల్లలతోని కొడ్తుంటే మూకుడు మీద సినుకులు వడ్డట్టున్నది. ఇనుము గంత తియ్యగ మాట్లాడ్తదని నాకు ఇన్నొద్దులు ఎరుకలేదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు పీపా పాట. అంతమ్మత్త రొట్టెలు తట్టినా, బియ్యం చెరిగినా ఆ వరసే తీసేది, చాటలో బియ్యం కూడా అదే ఊపులో ఎగిరేవి.

ఆమె ఊరికే కూనిరాగం తీసుకునే మనిషి కాదు. చుట్టుపక్కల ఏ ఇంట్లో పెండ్లయినా భోజనాల బంతిలో కూర్చున్న వియ్యాలవారి మీద పాట కట్టడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. ఎవరి మీసాలు, ఎవరి పిసినారితనం, ఎవరి పంచె అంచు, ఏదీ వదిలేది కాదు. అయితే మా ఊళ్ళో ఆ పాటకు ఒక పద్ధతి ఉంది. ఎంత ఎత్తిపొడిచినా ఆఖరి చరణం దీవెన కావాలి. ఆ దీవెన ముందుగా కట్టుకుని రాకూడదు, ఎదుటి మనిషి మొహం చూసి అప్పటికప్పుడు కట్టాలి. అందుకని పాట ఎవరి మీద పడిందో వాళ్ళు, కడుపులో ఎంత మండినా, దీవెన పడేదాకా విస్తరి ముందు నుంచి లేవకూడదు. మధ్యలో లేస్తే దీవెన అక్కడే ఆగిపోతుంది. కాబట్టే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా తలవంచుకుని, నవ్వుకుంటూ, పప్పన్నం కలుపుతూ కూర్చునేవాళ్ళు.

ఆ ఎండాకాలం మా పెదబాపు కూతురి పెండ్లి. బగారన్నం వాసన, పందిరికి కట్టిన మామిడాకులు ఎండి గలగలమనే చప్పుడు, సున్నం వేసిన అరుగు మీద పరిచిన జంపఖానాలు, ఇవన్నీ ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. అంతమ్మత్త మగపెండ్లివారి మీద కొత్తగా పీపా పాట వరసలో అందుకుంది. ఆడవాళ్ళు మొదట తడబడి, తరవాత వరస పట్టుకుని, చప్పట్లు కొడుతూ ఊగిపోయారు. అప్పుడు మగపెండ్లివారి ముసలావిడ ఒకామె, "మా మీదనే లేస్తవ్ గని, గాడ కూసున్న మీ అన్న మీద పాడరాదు?" అంది.

బాపు అదే బంతిలో, తనతో తిరిగే భూముల బ్రోకర్ల మధ్య కూర్చున్నాడు. నవ్వుతూ, "పాడనీయి, నాకేం భయమా?" అన్నాడు. అంతమ్మత్త కొంగు నడుముకు దోపుకుని, ప్రశ్నా తనే, జవాబూ తనే అయి అందుకుంది.

"భూమి ఎవలిదే వదినా?"
"పట్నపోల్లదాయెనే."
"బావి ఎవలిదే వదినా?"
"పట్నపోల్లదాయెనే."
"గేటు కాడ సలాము ఎవలిదే వదినా?"
"మా అన్నదాయెనే, మా అన్నదాయెనే."

అది కట్టుకథ కాదు. చేను అమ్మిన తరవాత కూడా బాపు అప్పుడప్పుడు రిసార్ట్ గేటు దగ్గర బండి ఆపి, వాచ్‌మన్‌కు సలాం కొట్టి, లోపలికి పోయి, బావి గట్టు మీద కాసేపు నిలబడి వచ్చేవాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. గడ్డి ఏరుతూ అంతమ్మత్త చూసింది. ఆమె దాన్ని అవమానం అనుకోలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అన్నకు కూడా తనలాగే బావి మీద ప్రాణం కొట్టుకుంటోందని తెలిసి, ఆ సంగతి పాటలో తప్ప ఇంకెట్లా చెప్పాలో తెలియక పాడింది. కానీ పక్కనున్న బ్రోకర్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. "ఏం గేటు, ఎవలికి సలాము?" అని ఒకాయన బాపును గుచ్చి గుచ్చి అడిగాడు. బాపు మొహంలో నవ్వు ఆరిపోయింది. చేయి కడుక్కోకుండానే లేచాడు.

"కూసో అన్న, ఒక్క చరణమే ఉన్నది," అంది అంతమ్మత్త.

"తోడవుట్టినదానివి, నలుగుర్ల నా పరువు తీస్తివి," అని బాపు పందిరి దాటి పోయాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఆమె నోరు తెరిచి, అన్న వదిలిపోయిన విస్తరి వంక చూసి, మూసుకుంది.

తరవాత మా ఇంట్లో గొడవేమీ జరగలేదు, జరిగి ఉంటే బాగుండేది. బాపు ఆమె వడ్డిస్తే తినడం మానేశాడు. ఆమె ఎదురొస్తే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. "గిది ఎన్నొద్దులు ఉంటది, ఆయనే మర్చిపోతడు," అని అమ్మ సర్దిచెప్పింది. అంతమ్మత్త తలూపింది కానీ, వానలు పడకముందే బట్టలు మూట కట్టుకుని షాబాద్ దగ్గరున్న అత్తగారి ఊరికి పోయింది. మొయినాబాద్ బస్టాండ్ దాకా నేనూ వెళ్ళాను.

"మల్ల ఎప్పుడొస్తవ్ అత్త?"

"మీ బాపు పిలిస్తే గిప్పుడే వస్త బిడ్డా."

బాపు పిలవలేదు. ఆ తరవాత మొక్కజొన్నలు వచ్చాయి, సీతాఫలాలు వచ్చాయి, దసరా వచ్చింది. బడి నుంచి వచ్చి నేనే తాళం తీసి, గిన్నె మీద మూత తీసి, చల్లన్నం తిని, గచ్చకాయలు ఒక్కదాన్నే ఎగరేసుకునేదాన్ని. అత్త వంతు కూడా నేనే ఆడేదాన్ని, ఆమెనే గెలిపించేదాన్ని. శనివారం గోడ మీదుగా పీపా పాట వచ్చేది. ఒంటరితనం అనే మాట నాకు అప్పటికి తెలియదు. మధ్యాహ్నం పూట ఇల్లు మరీ పెద్దదైపోతోందని మాత్రం అనిపించేది.

అత్త పోయింది కానీ ఆమె పాట పోలేదు. పెండ్లికి వచ్చిన ఆడవాళ్ళు దాన్ని తమ ఊళ్ళకు మోసుకుపోయారు. చిల్కూరు ఆటోవాళ్ళు ఈలలో పట్టుకున్నారు. నేను చేవెళ్ళలో ఇంటర్ చదివేటప్పుడు చౌరస్తా దగ్గర ఒక బరాత్ ఆగి, బ్యాండ్‌వాళ్ళు అదే వరసను క్లారినెట్ మీద వాయించారు. పెండ్లికొడుకు దోస్తులు గుర్రం ముందు ఎగురుతున్నారు. మా అత్త పాట అని పక్కనున్న స్నేహితురాలికి చెప్పాను. "ఏదో సినిమల పాట అనుకుంట," అందామె. అప్పటికే పాటలోంచి భూమి పోయింది, బావి పోయింది, సలాము పోయింది, వరస ఒక్కటే మిగిలింది. ఆ శనివారమే షాబాద్ బస్సెక్కి అంతమ్మత్త దగ్గరికి పోయి, బ్యాండ్ సంగతి చెప్పి, ఆ రోజు ఆగిపోయిన దీవెన ఏమిటో నాకైనా చెప్పమన్నాను.

"మొఖం చూడకుండ ఎట్ల కడ్తరు బిడ్డా?" అంది, పొయ్యిలోకి పుల్ల నెడుతూ.

ఆ వరస పేరు కాలిప్సో అని ఉద్యోగంలో చేరాక తెలిసింది. సముద్రం అవతల ట్రినిడాడ్ అనే చిన్న దీవిలో పుట్టిన పాటట. చెరుకు తోటల్లో చాకిరీ చేసినవాళ్ళ పిల్లలు కట్టుకున్నదట. ఊళ్ళో సంగతులు, పెరిగిన ధరలు, అధికారుల బాగోతాలు, పక్కింటివాళ్ళ గుట్లు అప్పటికప్పుడు పాటకట్టి, ఎదుటివాణ్ణి మొహం మీదే ఆటపట్టించేవాళ్ళట. తరవాత రికార్డుల్లోకెక్కి, సినిమాల్లోకెక్కి, దేశదేశాల హోటళ్ళలో, ఈతకొలనుల పక్కన, పూలచొక్కాలవాళ్ళ చేతిలో గ్లాసుకు తోడుగా మిగిలిందట. అది చదువుతుంటే నాకు ఆ దీవి మనుషుల మీద కాదు, మా అత్త మీద దుఃఖం వచ్చింది. ఎక్కడో తనలాంటివాళ్ళ పాటని తెలియకుండానే ఆమె దాన్ని గోడ ఇవతలికి తెచ్చి, దానికి మళ్ళీ మాటలు ఇచ్చింది. ఆ మాటలే ఆమెను ఇంట్లోంచి పంపేశాయి.

అన్నాచెల్లెళ్ళు తరవాత చావులకూ పెండ్లిళ్ళకూ ఎదురుపడ్డారు. బాగున్నవా అంటే బాగున్న, అంతే. మా ఇంటి గడప ఆమె మళ్ళీ తొక్కలేదు, ఏ పెండ్లిలోనూ పాడలేదు. పోయినేడు వానాకాలంలో ఆమె చనిపోయింది. బాపు షాబాద్ పోయి, అన్ని పనులూ దగ్గరుండి చేయించి తిరిగొచ్చాడు.

ఇప్పుడు రిసార్ట్ లేదు. దాన్ని పడగొట్టి ఒకేలాంటి ఇళ్ళ వరసలు కట్టారు, బావి ఏ ఇంటి కింద ఉందో ఎవరూ చెప్పలేరు. పెండ్లిళ్ళలో బంతులు లేవు, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడడమే. ఎవరి మీదా ఎవరూ పాట కట్టరు.

కిందటి నెల మొయినాబాద్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో చుట్టాల పెండ్లికి బాపుతో వెళ్ళాను. డీజే పెట్టిన పాటల్లో అది వచ్చింది. పెద్ద చప్పుడు కింద నలిగినా, అదే పీపా పాట. పిల్లలు ఎగురుతున్నారు. పక్కకు చూస్తే బాపు పెదవులు కదులుతున్నాయి. భూమి, బావి, గేటు, సలాము, ఒక్క మాట పొల్లుపోకుండా అన్నీ ఆయనకు వచ్చు. "మా అన్నదాయెనే" దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు, మీ అత్త ఎప్పటికి కలిసే ఉంటుంటిరి గద బిడ్డా. ఆఖరి చరణం నీకేమన్న ఎరుకనా?"

"అత్త కట్టలేదు బాపు. నువ్వు లేచినవ్."

అన్నాలు మొదలయ్యాయని ఎవరో కేకేశారు, చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేను లేచి, "లే బాపు, పోదాం," అని చేయి అందించాను.

"ఆగు బిడ్డా, పాట ఒడవనీ," అన్నాడు.

డీజే పాటకు ఆఖరి చరణం ఉండదు, ఒకటి ఇంకోదాంట్లోకి జారిపోతుంది. అది జారిపోయింది, దాని తరవాతదీ జారిపోయింది. బాపు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.