ఆ ఉల్లంకి పిట్టల ఫొటో మా భద్రయ్యది

నిన్న పొద్దున సత్తుపల్లి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు భద్రయ్య ఇక లేడన్నారు.

మొన్ననే కదా మాట్లాడింది. మిరపకాయ బజ్జీలు తిన్నానని నవ్వాడు.

గోడకు ఆనుకొని అక్కడే కూర్చుండిపోయాను.

సాయంత్రం మనవరాలు మన చుట్టాల గ్రూపులో మీ అందరి పోస్టులూ చదివి వినిపించింది. నాకు చదువు రాదు. ఇదీ నేను చెప్తుంటే తనే టైప్ చేస్తోంది. ఒక్క మాట మార్చొద్దన్నాను.

మా మేనబావ సుదర్శనం కూడా పెట్టాడు. గోదావరి ఇసుక మీద, నీళ్ల అంచున తిరిగే ఉల్లంకి పిట్టల ఫొటో. కింద, "నా కెమెరాతో నేను తీసింది, భద్రయ్య జ్ఞాపకంగా" అట.

చచ్చినవాడు లేచి అడగడని ధైర్యం.

బావా, నేనింకా ఉన్నాను.

ఎనభైల్లో సంగతి. సత్తుపల్లిలో భద్రయ్యది ఫొటో స్టూడియో. చలికాలంలో భద్రాచలం పోయి ఇసుక తిన్నెల మీద పిట్టలను తీసేవాడు. పాత కెమెరా, అంతా చేత్తో తిప్పుకోవాలి. ముందు నన్ను ఎండలో నిలబెట్టి, నా అరచేతి వైపు కెమెరా పెట్టి, అందులో వెలుగు కొలిచే ముల్లు చూసి సెట్ చేసేవాడు. ఇక ఆ సెట్టింగ్ ముట్టుకోడు. ఎండ మారనప్పుడు పిట్ట ఎటు ఎగిరితే ఏం?

మొదటి రీలు కడిగితే అన్నీ తెల్లగా వచ్చాయి. పిట్ట ఉందో, ఉప్పు రాలిందో తెలియలేదు.

అప్పుడే ఆటోమేటిక్ కెమెరా కొన్న బావ స్టూడియోకొచ్చి ఒకటే నవ్వు. "చెయ్యి చూసుడేందిరా, జాతకం చెప్తవా? నా కెమెరా అన్నీ అదే చూసుకుంటది."

తప్పు భద్రయ్యకే తట్టింది. అది పొగాకు కాలం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు కట్టి, నేను అలాగే బస్సెక్కాను. చేతులకు పొగాకు బంక పట్టి నల్లగా ఉన్నాయి. నల్లటి చెయ్యి చూసి ముల్లు వెలుగు చాలదనుకుంది. దాన్ని నమ్మి వెలుగు ఎక్కువ వదిలితే అన్నీ తెల్లబడ్డాయి.

"అక్కా, ఈసారి చేతులు తోముకొని రా."

"ముందే చెప్పొద్దారా, పెద్ద స్టూడియో ఓనరువి."

చింతపండుతో తోముకొని మళ్లీ పోయాను. బావ కూడా వెంటబడి వచ్చాడు. ఆయన ఆటోమేటిక్ కెమెరా నీళ్ల తళుకు చూసి బెదిరి పిట్టలను కాకులు చేసింది. వెనక అడవి నీడ వస్తే అవే పిట్టలకు సున్నం కొట్టింది. తమ్ముడి రీలు మొదలు నుంచి చివరిదాకా ఒకే తీరు.

అందులో మంచిదొకటి బావ అడిగి తీసుకెళ్లి, గోడకు తగిలించి, వచ్చినవాళ్లకల్లా తనదని చెప్పుకున్నాడు. ఇప్పుడు పెట్టిందీ అదే. నేను కొట్లాటకు లేస్తే భద్రయ్య ఆపాడు.

"పోనియ్యక్కా. పిట్టలేమన్నా మనయా?"

ఆ మెతకతనం నాకు అప్పుడూ నచ్చలేదు.

కింద "సూపర్ అంకుల్" అని రాసిన పిల్లలూ, ఆ ఫొటో ఇంకోసారి చూడండి. వెనక నీళ్లు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. అయినా పిట్టల వీపు మీద ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. మీ అంకుల్ కెమెరాకు అంత సీన్ లేదు.

బావా, చిన్నకర్మకు వస్తావుగా. ఈలోపు నీ పేరు తీసి తమ్ముడి పేరు పెట్టు. లేకపోతే అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక అడుగుతాను. నాకు మొహమాటం లేదు, నీకు తెలుసు.

భద్రయ్యా, నువ్వు విప్పని నోరు నేను విప్పాను. ఇక ఏ గొడవా నీ దాకా రాదు.

చల్లగా పడుకో నాయనా.