అందరూ చేతులెత్తిన కుక్కల పార్కు

నా ఉద్యోగంలో చివరి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను కరీంనగర్ వైపు ఒక మున్సిపాలిటీకి డిప్యుటేషన్ మీద పంపారు. ఊరి పేరు చెప్పను. అక్కడ ఎవరిదీ తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. అంతకుముందు చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో బర్రెలకూ మేకలకూ వైద్యం చేసినవాణ్ణి. మున్సిపాలిటీలో పశువైద్యాధికారి అంటే కుక్కల డాక్టరే అని చేరిన రోజే తెలిసింది.

నా ముఖ్యమైన పని వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం. దానికొక పద్ధతి ఉంది. వలతో పట్టాలి, ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి కొస కత్తిరించాలి, కోలుకున్నాక ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి. ఈ చివరి నియమం చాలామందికి మింగుడుపడదు. కానీ ఒక వాడ కుక్కను ఇంకో వాడలో వదిలితే అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు.

ఆ పనిలో ఉండగానే పార్కు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీలత గారికి బ్రూనో అని ఒక లాబ్రడార్ ఉంది. దాన్ని వీధిలోకి తీసుకెళ్తే మిగతా కుక్కలు మీద పడుతున్నాయి, ఇంట్లో ఉంచితే సోఫాలు చింపుతోంది. పెంపుడు కుక్కలు గొలుసు లేకుండా పరుగెత్తడానికి ఒక కంచె వేసిన జాగా కావాలని ఆమె అడిగారు. కొత్త కాలనీ పక్కన మున్సిపాలిటీ ఖాళీ స్థలం ఒకటి ఉంది. కౌన్సిల్ సరేనంది. ఇక మిగిలింది కాలనీవాళ్ల అభిప్రాయం.

షామియానా వేసి సభ పెట్టారు. విషయం వివరించే పని నాది. కంచె ఉంటుంది, లైసెన్సు, టీకా ఉన్న కుక్కలకే ప్రవేశం, లోపల గొలుసు విప్పవచ్చు అని చెప్పాను. ఆటో నడిపే తిరుపతి లేచాడు. అతని బిడ్డను ఆ స్థలం పక్క సందులోనే కుక్క కరిచింది.

"మరి ఇప్పుడు ఆ జాగల పండుకునే కుక్కల సంగతేంది సార్?" అన్నాడు. ముందు వాటిని ఆపరేషన్‌కు పట్టుకెళ్తామన్నాను. అతను అంతవరకే విన్నాడు. "పట్కపోతరట" అని పక్కవాళ్లకు చెప్పి తృప్తిగా కూర్చున్నాడు.

తర్వాత ఎల్లవ్వ. ఆ స్థలం అంచున ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి. భర్త పోయాక బండి దగ్గర ఆమెకు తోడు ఎర్రటి ఆడకుక్క ఒక్కటే. పొద్దున్నుంచి బండి కిందే పడుకుంటుంది.

"గొలుసు ఇప్పుతందుకు జాగ ఎందుకు సారూ? మా ఎర్రిదానికి ఎన్నడు తాడే కట్టలే."

అందరూ నవ్వారు. ఆ కుక్కను నువ్వు పెంచుకుంటున్నావా అని అడిగాను. పెంపుడుదో వీధిదో తేలితే తప్ప నా నియమాలేవీ దానికి వర్తించవు.

"నేనేడ పెంచుతున్న? అదే నాతోని ఉంటది" అంది.

చివరికి పార్కు కావాలనేవాళ్లు చేతులెత్తమన్నారు కమిషనర్ గారు. శ్రీలత గారు ఎత్తారు. తిరుపతి ఎత్తాడు. ఎల్లవ్వ కూడా ఎత్తింది. కుక్కలు ఉండాలనేవాళ్లూ పోవాలనేవాళ్లూ కలిసి చేతులెత్తడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ఏకగ్రీవం అని కమిషనర్ గారు రాసుకున్నారు.

కుక్కల బండి వచ్చిన రోజు ఎల్లవ్వ దాని ముందు కూర్చుంది.

"నువ్వే చెయ్యి లేపితివి గదా అవ్వా" అన్నాడు డ్రైవరు.

"దానికి జాగ ఇస్తరని లేపిన. దాన్ని పట్కపొమ్మని లేపిన్నా?"

మళ్లీ ఇక్కడికే తెస్తామని నేను మాటిచ్చాక లేచింది. ఇస్త్రీ పెట్టె చల్లారిపోతున్నా పట్టించుకోకుండా బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆ కుక్కకు ఏమైనా అయితే ఈమె మొహం ఎలా చూడాలని నాకు నిజంగానే భయం వేసింది.

ఆపరేషన్లు బాగానే జరిగాయి. బోనులతో తిరిగి వచ్చేసరికి కాంట్రాక్టరు కంచె వేసేశాడు. ఇస్త్రీ బండి కంచె బయటికి జరిగింది. ఎర్రిదాన్ని పట్టిన చోటు కంచె లోపలికి వచ్చింది.

"సార్, లోపటనా బయటనా?" అన్నాడు డ్రైవరు.

కమిషనర్ గారికి ఫోన్ చేశాను. ఆపరేషన్ చేసిన కుక్కను పట్టిన చోటే వదలాలని చెప్పాను. అది ఇప్పుడు పార్కు అనీ, పార్కులోకి లైసెన్సు లేని కుక్కను రానివ్వకూడదనీ కూడా చెప్పాను. రెండు నియమాలూ పాటించమని చెప్పి ఆయన పెట్టేశారు.

ఎలా పాటించాలో ఎంత ఆలోచించినా తోచలేదు. పాత నియమం ముందు కదా అని బోను లోపల తెరిపించాను. ఎర్రిది నేరుగా కంచె దగ్గరికి పోయి, అవతలున్న ఎల్లవ్వను చూసి మూలగడం మొదలుపెట్టింది.

"మాటిచ్చి జైల్ల ఏసిన్రా సారూ?" అందామె. కళ్లనిండా నీళ్లు.

గేటు బార్లా తెరిచి, ఇక మూయవద్దని వాచ్‌మన్‌తో చెప్పాను. అది ఏ నియమం కిందికీ రాదు. ఎర్రిది ఒక్క పరుగున బండి కిందికి చేరింది.

ఆ సాయంత్రమే తిరుపతి ఆఫీసుకు వచ్చాడు. "పట్కపోయినట్టే పట్కపోయి మళ్ల తెస్తిరి. నా బిడ్డ గా తొవ్వలనే బడికి పోవాలె. నన్నెందుకు చెయ్యి లేపమన్నరు సార్?" అతని కోపం న్యాయమే. టీకాల సంగతి చెప్పాను. అది అతనికి ఓదార్పు కాలేదు. శ్రీలత గారు మాత్రం ఏమీ అడగలేదు. గేటు ఎప్పుడూ తెరిచే ఉండి వీధికుక్కలూ లోపల తిరుగుతుండడంతో బ్రూనోను గొలుసుతోనే తిప్పి తీసుకెళ్లేవారు. కంచెలో గొలుసు ఉన్న కుక్క అదొక్కటే.

నేను రిటైరయ్యేదాకా ఎర్రిదాన్ని పెంపుడు కుక్కల కింద రాయాలో వీధికుక్కల కింద రాయాలో తేలలేదు. నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. కొత్త ఏర్పాటు గురించి జనాన్ని అడిగేటప్పుడు చేతులెత్తమనకూడదు. ఏమొస్తుందనుకుంటున్నారో ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడగాలి. అందరూ ఒక్కసారే ఒప్పుకున్నారంటే, మనం చెప్పింది ఎవరికీ అర్థం కాలేదని అనుకోవాలి.