రథం తాడు వెంబడి మోరీ

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వం మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. దేవుడికి మొక్కుకుంటే ఆయన విన్నాడో లేదో తెలియదు, ప్రభుత్వానికి మొక్కుకుంటే కనీసం రశీదయినా ఇస్తుంది కదా అని నా వాదన. కామర్స్ డిగ్రీ చేతికొచ్చి, మీసం సరిగ్గా రాకుండానే లోకాన్ని బాగుచేయాలన్న ఉబలాటం వచ్చేసిన వయసు అది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ తడుముకోకుండా మాట్లాడతానని మా గల్లీలో నాకు పేరుండేది. (మూడింట్లో ఏ ఒక్కటీ శుద్ధంగా రాదన్న సంగతి గల్లీ బయటికి వెళ్ళాక తెలిసింది.)

మేముండేది సూరత్‌లో పర్వత్ పాటియా దాటి ఇంకా తూర్పుకు పోతే వచ్చే ఒక చిన్న పురపాలక సంఘంలో. దాని పేరు చెప్పను. చెబితే అది ఇంకా బతికే ఉన్నందుకు అక్కడివాళ్ళే ఆశ్చర్యపోతారు. సభ్యుల్లో ప్రతివాడూ అధ్యక్షుడే కావాలనుకోవడంతో సమావేశాల్లో కుర్చీల మీద కూర్చునేవాళ్ళకన్నా కుర్చీలు విసిరేవాళ్ళు ఎక్కువయ్యారు. బిల్లు కట్టలేదని కరెంటు కంపెనీవాళ్ళు వీధి దీపాలు పీకేశారు, ఆఫీసుకూ కరెంటు కోసేశారు. చెత్త ఎత్తే ట్రాక్టరు డీజిల్ లేక ఆఫీసు వెనక నిలబడి, కొన్నాళ్ళకు తానే చెత్తయింది. అప్పుడు గానీ గాంధీనగర్‌లో పెద్దలకు మెలకువ రాలేదు. పాలకవర్గాన్ని ఇంటికి పంపించి, ఆ కుర్చీలో ఒక వహీవట్‌దార్‌ను కూర్చోబెట్టారు. అంటే, ఊరిని గట్టెక్కించడానికి సర్కారు పంపే అధికారి అన్నమాట.

ఆయన నోట మూడు మాటలకోసారి 'సుధార్' అని వచ్చేది, అంటే బాగుచేయడం. అందుకని నేను ఆయనకు సుధార్ సాహెబ్ అని పేరు పెట్టుకున్నాను. వచ్చీ రాగానే బాగుచేత మొదలైంది. ముందు ఆయన గదికి రంగు వేశారు, తర్వాత సోఫా వచ్చింది. ఆ తర్వాత గుమ్మం దగ్గర వేలిముద్ర హాజరు యంత్రం వచ్చింది. ఆఫీసుకు కరెంటు లేదు కాబట్టి ఆ యంత్రం ఎవరూ రాలేదని చెప్పలేకపోయింది, కాబట్టి అందరూ వచ్చినట్టే లెక్క. వీధిదీపాలు మాత్రం వెలగలేదు. చివరగా, చదువుకున్న కుర్రాళ్ళను కొందరిని ఏరి 'సుధార్ మిత్ర' అన్న ఉద్యోగం ఇచ్చి, వీపు మీద ఆ మాట అచ్చేసిన ఆకుపచ్చ జాకెట్లు తొడిగారు. తెలుగువాళ్ళ గల్లీకి మిత్రుణ్ణి నేనే. మే నెల సూరత్ ఎండలో ఆ దళసరి జాకెట్ వేసుకుని చెమటలు కక్కుతూ, దేశసేవ అంటే ఇలాగే ఉక్కగా ఉంటుంది కాబోలు అనుకునేవాణ్ణి.

మా గల్లీ అంతా సాంచాల (మరమగ్గాల) మీద బతికేవాళ్ళే, కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు. బాపు కూడా సాంచె నడిపేవాడు. గల్లీ మొదట్లో, మెయిన్ రోడ్డును ఆనుకుని, మా అవ్వ మెస్ నడిపేది. (మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని అంటాం.) అన్నం, పప్పు, పచ్చిపులుసు, ఆదివారం కోడికూర. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి బెంచీల మీద కూలబడేవారు. వచ్చిన చిక్కల్లా వానాకాలంలోనే. పల్లం మా వైపే కాబట్టి, వాన పడిందంటే మోరీ (మురుగు కాలువ) లేని గల్లీ నీళ్ళన్నీ తిన్నగా మెస్ లోపలికే వచ్చేవి. తినేవాళ్ళు కాళ్ళు బెంచీల మీదికి ముడుచుకుని గబగబా నాలుగు ముద్దలు మింగి పోయేవారు. మరీ ముదిరితే మెస్ మూసేయడమే. అలా ఏటేటా మూతబడుతుంటే గది యజమానికి విసుగొచ్చింది. ఈ వానాకాలం కూడా మూస్తే గది జరీ మిషన్ పెట్టుకునేవాడికి ఇచ్చేస్తానని అవ్వ ముఖం మీదే చెప్పేశాడు.

జాకెట్ వేసుకుని మొదటిరోజు మెస్‌లోకి అడుగుపెట్టగానే అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందిరా, గీ ఎండల గా కోటేంది?"

"కోటు గాదవ్వా, జాకెట్. సర్కారు ఇచ్చింది. నేను సుధార్ మిత్రను."

"గది ఇడిసి తిను బిడ్డా, ఉడికిపోతవ్. మోరీ ఎప్పుడేస్తరో జర మీ సర్కారును అడుగు."

అడిగాను. నా అదృష్టమో, దురదృష్టమో, సాహెబ్ గారికి మా గల్లీయే నచ్చింది. అందులో నా ప్రతిభ ఏమీ లేదు. మెయిన్ రోడ్డు పక్కనే ఉంది, పెద్దవాళ్ళ కార్లు ఆపుకోవడానికి వీలు, ఫొటోలకు వెలుతురు బాగుంటుంది. గాంధీనగర్ నుంచి ఒక పెద్దమనిషిని పిలిచి భూమిపూజ చేయించాలనుకున్నారు. నక్షా చూపించారు. గల్లీ నట్టనడుమ రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు ఒకే గీత. "మరి ఇళ్ళ నీళ్ళు ఈ గొట్టంలోకి ఎలా వస్తాయి సాహెబ్?" అని అడిగాను. "అది రెండో దశ" అన్నారు. నేను బుద్ధిగా తల ఊపాను. దయ్యాన్ని పంపించేయడానికి గోడ మీద 'రేపు రా' అని రాస్తారే, సర్కారు జనాన్ని పంపించేయడానికి రాసేది 'రెండో దశ' అని ఆ వయసులో నాకేం తెలుసు!

భూమిపూజ ముందురోజు సాయంత్రం ఇంజనీరు మనుషులు వచ్చి, తవ్వాల్సిన చోట గల్లీ నడుమ సున్నంతో గీత గీసి, మిగిలిన సున్నం బస్తా మా మెస్ గోడకు ఆనించి పోయారు. (ఇంజనీరు రాలేదు. ఆయన కారు వచ్చింది, ఆయన అందులోంచి దిగలేదు. ఆయనకు నేను పెట్టిన పేరు ఏసీ సార్.) నేను నా మిత్రధర్మం ప్రకారం గల్లీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగి చాటింపు వేశాను: "పొద్దుగాల పెద్దసారు వస్తుండు. గల్లీ మంచిగ సాఫ్ చేసి ఉంచుండ్రి."

నేనన్నది అంతే. కానీ ఇంటి ముందు శుభ్రంగా ఉంచమంటే మా ఆడవాళ్ళు ఏం చేస్తారో, ఆ గల్లీలో పుట్టి పెరిగిన నాకు గుర్తు రావద్దా? జాకెట్ తొడుక్కున్నాక నాకు 'సాఫ్' అంటే చెత్త ఏరడం ఒక్కటే అయింది. వాళ్ళకు మాత్రం సాఫ్ అంటే తెల్లవారుజామున లేచి ఊడ్చి, పేడనీళ్ళతో సాన్పి చల్లి, ముగ్గు పెట్టడం. మామూలు రోజుల్లో నాలుగు చుక్కలతో సరిపెట్టేవాళ్ళే. వస్తున్నది సర్కారు కాబట్టి మా పెద్దవ్వ (బాపుకు వదిన, గల్లీ ఆడవాళ్ళందరికీ సేనాని) రథం ముగ్గు వేయాల్సిందేనని పట్టుబట్టింది. ఎవరో కాళ్ళతో సున్నం తొక్కి తిరిగారనుకుని, గల్లీ నడుమ ఉన్న గీతను చీపుళ్ళతో, సాన్పితో ఆనవాలు లేకుండా కడిగేశారు. ముగ్గు పిండికి వెతుక్కోనక్కర లేకపోయింది. సర్కారు మా కోసమే బస్తా పెట్టి పోయిందని, ఆ సున్నంతోనే మెస్ ముందు ఇంత పెద్ద రథం వేశారు. రథం వేశాక తాడు ఉండాలి కదా! ఆ తాడును ఇంటింటి గడపకూ తగిలిస్తూ, వంకలు తిప్పుకుంటూ, గల్లీ ఆఖరి ఇంటిదాకా లాగారు. సున్నానికి వేళ్ళు సుర్రుమన్నా ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

సాహెబ్ గారికేమో పెద్దమనిషి వచ్చేసరికే పని జోరుగా సాగుతూ కనిపించాలని ఉబలాటం. అందుకని జేసీబీని పొద్దున్నే పంపించారు. దగ్గరుండి తవ్వించాల్సిన ఏసీ సార్ పందిట్లో కూలర్ ఎటు తిప్పాలో చూస్తున్నారు. నేను మెయిన్ రోడ్డు అవతల ఆ పందిరికే రిబ్బన్లు కడుతున్నాను. గల్లీలోంచి కేకలు వినబడితే జనం ఉత్సాహంతో జేజేలు కొడుతున్నారనుకుని, ఇంకో రెండు రిబ్బన్లు ఎక్కువే కట్టాను.

వెళ్ళి చూద్దును కదా, తాడు ఎటు వంకర తిరిగితే కందకం అటు వంకర తిరిగి ప్రతి గడపనూ పలకరించి వస్తోంది. మెస్ ముందు రథం ఉన్నచోట ఇంత లోతున చదరపు గుంత. మోరీ నీళ్ళు చేరే పెద్ద చాంబరు అనుకున్నాడట జేసీబీ డ్రైవరు.

"ఓరి నీ చేతులిరుగ! మబ్బుల లేసి ఏసిన రథం రా అది! చక్రాలు సుత ఇడిసిపెట్టలే గదరా!" అని పెద్దవ్వ చీపురు ఎత్తింది.

జేసీబీ డ్రైవరు పై నుంచే చేతులు జోడించాడు. "అమ్మా, చూనా జిధర్, ఖుదాయీ ఉధర్. హమ్‌కో యహీ సిఖాయా హై." సున్నం ఎక్కడుంటే తవ్వకం అక్కడ, మాకు నేర్పింది ఇదే అంటున్నాడు. అందులో తప్పేముంది? ఆ పురపాలక సంఘంలో చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడు నాకు తెలిసి అతనొక్కడే.

అవ్వ తిట్టలేదు. గుంతకు అవతల, మెస్ గడప మీద కూర్చుని ఆకాశం కేసి చూస్తోంది. పడమట మబ్బు పట్టి ఉంది.

"మోరీ ఎయ్యమంటే బాయి తవ్విండ్రు కదరా" అంది మెల్లగా. "ఒక్క వాన పడితే గిది నిండి నీళ్ళన్ని ఇంట్లకే. ఇగ మెస్ పోయినట్టే."

ఒంటి మీది జాకెట్ చూసుకుంటే నాకు మొదటిసారి సిగ్గనిపించింది. ఆ మెస్ అన్నమే నన్ను డిగ్రీదాకా చదివించింది. దాని గడప ముందు గొయ్యి తవ్వించింది నా చాటింపు.

ఏసీ సార్ పరుగున వచ్చి నక్షా విప్పారు, తలకిందులుగా తిప్పి కూడా చూశారు, తర్వాత "పూడ్చేయండి" అని అరిచారు. అంతలోనే సైరన్ మోగింది. పెద్దమనిషి కారు దిగి, కందకాన్ని చూసి, "ఇదేంటి, ఇంత వంకరగా ఉంది?" అని హిందీలో అడిగారు. సాహెబ్ ఏసీ సార్ వైపు చూశారు, ఏసీ సార్ కాంట్రాక్టరు వైపు, కాంట్రాక్టరు డ్రైవరు వైపు, డ్రైవరు పెద్దవ్వ వైపు చూశారు. ఇక చూడ్డానికి ఎవరూ లేక పెద్దవ్వ నోరు విప్పింది.

"గీసింది మేమే సారూ. అందరి గడపలకు తలగాల్నని గీసినం. ఏం, తప్పా?"

ఆవిడ ఏమంటోందని పెద్దమనిషి నా వైపు తిరిగారు. అబద్ధం అల్లేంత తెలివి లేక ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేశాను: ఈ గీత మా ఆడవాళ్ళే గీశారు, ప్రతి ఇంటికీ తగలాలని గీశారట. ఉద్యోగం ఊడిందనుకున్నాను. అప్పుడు సుధార్ సాహెబ్ గొంతు సవరించుకుని, "సర్, ఇదే మా జన భాగస్వామ్యం. ఇక్కడ నక్షా ప్రజలే గీస్తారు" అన్నారు. ఆ క్షణంలో ఆయన ముఖంలో చిన్న కదలిక లేదు. అంత పెద్ద ఉద్యోగాలు ఊరికే రావని అప్పుడు తెలిసింది. పెద్దమనిషి మురిసిపోయి, జిల్లా అంతటా ఇలాగే చేయాలని సెలవిచ్చి, పెద్దవ్వ చేతికి రిబ్బను కట్టిన గునపం ఇచ్చి ఫొటో దిగారు. రథం పోయిందని ఆవిడ పెట్టుకున్న కన్నీళ్ళు మర్నాటి పత్రికలో ఆనందబాష్పాలుగా అచ్చయ్యాయి.

పెద్దాయన మెచ్చుకున్న గుంతను పూడ్చే ధైర్యం ఎవరికుంటుంది? గొట్టాలు తాడు వెంబడే వేశారు, రథాన్ని చాంబరు చేసి మెయిన్ రోడ్డు లైనుకు కలిపారు. గొట్టం గడప ముందుకే వచ్చింది కాబట్టి సాంచాలవాళ్ళు ఆదివారం సెలవు చూసుకుని ఎవరింటి పైపు వాళ్ళు అందులో కలిపేసుకున్నారు. రెండో దశ అలా సర్కారుకు తెలియకుండానే పూర్తయింది.

మొదటి వాన మధ్యాహ్నం భోజనాల వేళ పడింది. మెస్ నిండా మనుషులు. చినుకులు పెద్దవవగానే అందరూ అలవాటు ప్రకారం కాళ్ళు బెంచీల మీదికి ముడుచుకున్నారు. అవ్వ గరిటె పట్టుకుని గడప కేసే చూస్తోంది. వాన దంచింది. మూత కింద చాంబరు గుడగుడమంది. నీళ్ళు రాలేదు. కాసేపటికి ఒకతను కాళ్ళు కిందికి దించాడు, తర్వాత ఇంకొకతను, ఆ తర్వాత అందరూ. అవ్వ ముక్కు చీదుకుని, "పెరుగు ఎవలికి గావాలె?" అంది.

సుధార్ సాహెబ్ సన్మానం చేయించుకుని పెద్ద ఊరికి బదిలీ అయ్యారు. మిగతా గల్లీల్లో నక్షా ప్రకారం నట్టనడుమ తిన్నని గొట్టాలు వేశారు. అవి ఈనాటికీ పొడిగానే ఉన్నాయి, ఇళ్ళు మాత్రం తడుస్తున్నాయి. సుధార్ మిత్రులం ఒక్క సంతకంతో ఇంటికి పోయాం.

ఇప్పుడు నేను రింగ్ రోడ్‌లో చీరల మార్కెట్‌లో పని చేస్తున్నాను. మా పురపాలక సంఘం మళ్ళీ ఎన్నికైంది, మళ్ళీ కుర్చీలు విసురుకుంది, మళ్ళీ కరెంటు పోగొట్టుకుంది. మళ్ళీ ఒక వహీవట్‌దార్ వచ్చారు. మొన్నొకరోజు మోరీ పూడిందని చూడటానికి వచ్చిన కుర్రాడు ఆఫీసు నక్షాలో తిన్నని గీత చూసుకుని గల్లీ నడుమ తవ్వించి, మట్టి తప్ప ఏమీ దొరక్క మెస్‌కొచ్చి కూలబడ్డాడు. పెద్దవ్వ గొణుక్కుంటూనే లేచి, సున్నం పట్టుకుని, గుర్తున్నంత మేరకు తాడు గీసి చూపించింది.

ఆ కుర్రాడి ఒంటి మీద నీలం జాకెట్. "ఈసారి సర్కార్ నిజంగానే అంతా మార్చేస్తుంది అంకుల్, మీరే చూస్తారు" అన్నాడు నాతో, కళ్ళు మెరిపిస్తూ. నవ్వాలనిపించింది, కానీ నవ్వలేకపోయాను. ఆ మెరుపును నేనెరుగుదును. ఒకప్పుడు అది నా దగ్గరే ఉండేది, ఎక్కడ పారేసుకున్నానో ఏమో.

అవ్వ పొయ్యి మీది పప్పు గిన్నె దించి, వాడికి ఒక గరిటె ఎక్కువే వడ్డించింది.

"గా కోటు ఇడిసి తిను బిడ్డా, ఉడికిపోతవ్" అంది.

చేతులు కాలకుండా ఆమె గిన్నెకు పట్టుకున్న మసిగుడ్డ మీద, వెలిసిపోయిన ఆకుపచ్చలో, 'మిత్ర' అన్న మాట ఇంకా కనబడుతూనే ఉంది.