హాలీనా, కల్దారా

"నూట ఇరవై అంటే కల్దారేనయ్యా. కోదాడ సంతలో ఎద్దుకి హాలీ లెక్క ఎవడు చెబుతాడు? ఇంకా ఇరవై హాలీలు పెట్టు."

"నూటిరవై నీ చేతుల పోసిన గద! మా సూర్యాపేట దిక్కు రూపాయంటే హాలీయే. ఎవనికి జెప్తున్నవ్ నీ లెక్క?"

"అయితే ఎద్దును విప్పు."

"ఇప్పు సూద్దాం! చేతులుంటయా?"

మా కొట్టం ముందు నాన్న, ఎద్దు అమ్మిన కోదాడ బేరగాడు అలా నిలబడ్డారు. విత్తనాల అదును. ఆ ఎద్దు పోతే మా రెండెకరాలూ బీడే.

నైజాం రాజ్యంలో చెల్లేది హాలీ రూపాయి. కల్దారు సరిహద్దు అవతలి ఇంగ్లీషు వాళ్లది. కల్ అంటే మర, మర మీద కొట్టిన నాణెం కాబట్టి ఆ పేరు. ఆరు కల్దార్లు ఏడు హాలీలు. రెండూ తిరిగే కోదాడలో, మిర్యాలగూడ బియ్యం కొట్లలో అంకె పక్కన పొట్టిగా "హా" అనో "క" అనో వేసేవారు. మా ఊళ్లో తిరిగేది ఒక్క రూపాయే. "రూ" అంటే చాలు.

పది రోజుల కిందట సంతలో ఎద్దును అరువు తెచ్చుకున్నప్పుడు కాగితం రాసింది నేనే. రెండో తరగతితో బడి మాన్పించారు. రాసేవాడికి రెండణాలు దండగని నాన్న నన్ను కూర్చోబెట్టాడు. "రూ 120" అని రాశాను. చదువు రాని వాళ్లిద్దరూ వేలిముద్రలు వేశారు.

బేరగాడు పలుపు మీద చెయ్యి వేశాడు. నాన్న వాడి మూతి మీద గుద్దాడు. వాడు ముల్లుగర్ర తిప్పి కొట్టాడు. నాన్న ముంజేయి ఎండు కంపలా విరిగింది. కింద పడ్డ నాన్నను డొక్కలో తన్నాడు. నేను పేడ పార ఎత్తి వాడి మోకాలి చిప్ప మీద వేశాను. వాడు నా జుట్టు పట్టి గుంజకేసి కొట్టాడు. ముందు పన్ను రాలింది.

"రాసింది నువ్వేగా, చెప్పవే! సంతలో ఏ రూపాయన్నాం?"

నోట్లో నెత్తురు ఉమ్మి చెప్పాను. "ఎవ్వరేం అనలే. నూటిరవై అన్నరు, గంతే."

అది నిజం. నాన్న నావైపు చూడలేదు. బేరగాడు కుంటుకుంటూ పోయాడు.

మరునాడు పొద్దున ఇద్దరు మనుషులతో వచ్చి ఎద్దును విప్పుకుపోయాడు. దున్నించుకున్నందుకు పదిహేను పట్టుకుని, నూట అయిదు హాలీలు వాకిట్లో విసిరాడు. అమ్మ ఏరుకుంది. పక్కింటి బండి అడుక్కుని నాన్నను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం.