తాతయ్య పాదాలు

ఆ రోజుల్లో మా బీర్పూర్ వైపు అన్నల పేరు (నక్సలైట్లను అలాగే అనేవాళ్ళం) పగలు కూడా గట్టిగా పలికేవాళ్ళం కాదు. ఊరు విడవమని చీటీ వచ్చిన రోజు, వండిన అన్నం పొయ్యి మీదే వదిలి జగిత్యాలలో అద్దె ఇంటికి చేరాం. అందరం ప్రాణాలతో వచ్చాం, అదే పదివేలు. నా బడీ, గోడ మీది తాతయ్య ఫొటో అక్కడే ఉండిపోయాయి. చదువు ఇంట్లో బాపు (నాన్న) చెప్పారు. బొమ్మలు నాకు నేనే నేర్చుకున్నాను (గురువుంటే ఎన్ని దెబ్బలు తినేదాన్నో, దేవుడు కాపాడాడు). పసుపుతో, గడపలకు పూసే ఎర్రటి జాజుతో మొదలైన నా కళ, సిరిసిల్ల మేనమామ నూలుకు అద్దే రంగుల పొట్లాలు తెచ్చాక మహా ఘనమైంది. శివుడికీ పార్వతికీ ఒకటే ముఖం. మెడలో పాము ఉంటే శివుడని పోల్చుకోవాలి.

జగిత్యాలకు వచ్చిన కొన్నాళ్ళకే తాతయ్య పోయారు. సంవత్సరీకం దగ్గరపడింది. "పటం లేకుంటే దండెవరికేస్తరు, గోడకా?" అని బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, అన్నం ముట్టనన్నది. ఊరికెళ్ళి ఫొటో తెచ్చే ధైర్యం ఎవరికీ లేదు. పద్నాలుగేళ్ళ నా మీద పడింది ఆ భారం.

"మీసం పైకి మెలేసి ఉండె" అన్నారు బాపు. "యాడిది అన్నా? కిందికి వాలి ఉండె" అన్నాడు కోరుట్ల నుంచి వచ్చిన చిన్నాయన. ఇద్దరూ పెద్దవాళ్ళే కదా! ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి వేశాను. "గిదేందే, గడియారం ముల్లులెక్క!" అన్నది అమ్మ.

చివరికి బాపమ్మనే అడిగాను. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి.

"మొకం నేనెన్నడు సక్కగ సూసిన బిడ్డా? అత్తమామలుండంగ తలెత్తకపోతి. వాళ్ళు పోయినంక అలవాటు లేకపాయె. కాళ్ళడుగు, చెప్త."

కళ్ళు మూసుకుని చెప్పింది. చీలిన బొటనవేలి గోరు, బొటనవేలిని మించిన రెండో వేలు, చీలమండ మీద పాత మచ్చ. "గంత తెలుపేంది? పొలంల తిరిగిన కాళ్ళు" అని రెండుసార్లు చెరిపించింది కూడా.

సంవత్సరీకం నాడు చుట్టాలు మీసం దగ్గర ఆగి నవ్వాపుకుంటుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో బాపమ్మ వచ్చింది. అలవాటుగా ఆమె చూపు తిన్నగా కిందికే దిగింది. గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని, పక్కకు ఒదిగి నిలబడి, మెల్లగా అన్నది: "వచ్చిండ్రు. పీటెయ్యిండ్రి."

ఆ పూట కడుపునిండా తిన్నది.

తరువాత మంచి రంగులూ కుంచెలూ వచ్చాయి. స్వామి దయవల్ల ఇప్పుడు ఎవరి ముఖం వాళ్ళకే కుదురుతోంది. ఏ దేవుడి బొమ్మైనా మొదలుపెట్టేది మాత్రం పాదాల నుంచే. చూసినవాళ్ళు నా భక్తికి చేతులు జోడిస్తారు. ముఖం దాకా వెళ్ళేలోగా కాస్త ధైర్యం కూడగట్టుకుంటున్నానని ఈ వయసులో ఎవరికి చెప్పను?