అమ్మ కోసం దెయ్యం సినిమా

నిన్న రాజమండ్రిలో దెయ్యం సినిమా చూస్తూ మా అమ్మాయి భయంతో నా భుజంలో మొహం దాచుకుంది. ఆ వయసులో నాకు దెయ్యం సినిమాలంటే ప్రాణం. అమ్మ చనిపోయిన ఏడాది ఏది వచ్చినా చూపించమని నాన్నని పీడించేదాన్ని.

ఓసారి మండపేటలో మ్యాటినీకి వెళ్ళాం. తెర మీద చనిపోయినావిడ తెల్లచీరలో తిరిగొచ్చింది. హాలంతా కేకలు. నేను మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తున్నాను.

"ఏంటమ్మా, భయమేస్తోందా? వెళ్ళిపోదామా?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా. చనిపోయినవాళ్ళు ఇలాగే వస్తారు కదా! అమ్మ కూడా వస్తుందేమోనని చూస్తున్నాను."

నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సినిమా అయ్యేదాకా నాతోపాటు తలుపు వైపే చూశారు. నా మాట నమ్మారని సంబరపడ్డాను. ఆయనకూ అమ్మ మీద బెంగ ఉంటుందని నాకప్పుడు తెలీదు.