ప్రేమల, ప్రళయాల బీరువా

ఆవిడకి యాభై ఆరేళ్ళు. ఆ వయసులో మనుషులు మోకాళ్ళ నొప్పుల గురించీ షుగరు గురించీ మాట్లాడుకుంటారు. ఆవిడ మాత్రం పదహారేళ్ళ పిల్ల ఎవరిని ప్రేమించాలి, లోకం తగలబడిపోయాక మిగిలిన నలుగురూ ఎక్కడ తల దాచుకోవాలి అన్న సంగతుల మీద గంటలకొద్దీ మాట్లాడగలదు. శాఖా గ్రంథాలయంలో సహాయకురాలి ఉద్యోగం. పిల్లలు ‘చీటీల మేడం’ అంటారు.

ఇంట్లో ఆయన మోటార్లకి వైండింగ్ చేస్తాడు. ముందు గదే షాపు. రాగి తీగ చుడుతూ చుడుతూ భార్య చేతిలోని పుస్తకం అట్ట వంక ఓరగా చూస్తాడు.

“ఏవే, ఈసారి ఎవరు చస్తున్నారు? ప్రేమించినవాడా, ప్రపంచమా?”

“రెండూనండి. మీరు తీగ చూసుకోండి, తెగుతుంది.”

గ్రంథాలయంలో ఆ పుస్తకాలుండే బీరువాకి ‘ప్రేమలూ ప్రళయాలూ’ అని పేరు పెట్టింది ఆయనే. పేపర్లు చదివే బల్లల వెనక, సరిగ్గా మూతపడని కిటికీ పక్కన ఉంటుంది. ఒక తలుపు మడతబందు ఊడి వేలాడుతుంటుంది. లోపల రెండువందల పన్నెండు టీనేజీ నవలలు. సగం ప్రేమకథలు, సగం పాడైపోయిన రేపటి లోకం కథలు. చాలావాటిలో రెండూ ఉంటాయి. ఊరు కూలిపోతున్నప్పుడే ఈ పిల్లలకి మనసివ్వాలనిపిస్తుంది, ఏం చేస్తాం!

ప్రతి పుస్తకాన్నీ ముందు ఆవిడ చదువుతుంది. చదివి, మొదటి పేజీలో ఒక చీటీ పెడుతుంది. ‘రెండు రోజులు ఏడుస్తావు. మూడోరోజు ఆకలేస్తుంది.’ ‘హీరో ఉత్త పనికిమాలినవాడు. స్నేహితురాలి కోసం చదువు.’ ‘పరీక్షలున్నాయా? అయితే ముట్టుకోకు.’ కొత్తగా ఎవరొచ్చినా నీకు ఎలాంటి పుస్తకం కావాలని అడగదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, “ఈ వారం నీకు ఎవరిమీద కోపంగా ఉంది?” అంటుంది. నాన్న మీద అంటే ఒక పుస్తకం, స్నేహితురాలి మీద అంటే ఇంకొకటి. డాక్టర్లు నాలుక చాపమంటారు చూడండి, ఆవిడకి ఇది అలాంటిది.

ఇంకో అలవాటు కూడా ఉంది. కథంతా దాని చుట్టూనే. ఆ బీరువాలోంచి ఏ పుస్తకం ఇచ్చినా ఆవిడ రిజిస్టర్‌లో ఎక్కించదు, పిల్లల కార్డు మీదా రాయదు.

దానికి కారణం లేకపోలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక తండ్రి కూతురి కార్డు పట్టుకుని వచ్చాడు. అందులో వరసగా ఆరు ప్రేమ నవలల పేర్లు. ఆ కార్డు బల్లమీద కొట్టి, “ఇక్కడ మీరు నేర్పే చదువు ఇదా?” అని నానా మాటలూ అన్నాడు. ఆ పిల్ల గుమ్మం బయట నిలబడి ఉంది. చెంప మీద వేళ్ళు తేలి ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నుంచి చీటీల మేడం కలం మూసేసింది. ఎవరు ఏది తీసుకెళ్ళారో బుర్రలోనే పెట్టుకునేది. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకం పోలేదు. ఏ పిల్లకీ ఇంట్లో చీవాట్లు పడలేదు. తను చేసేది పుణ్యకార్యమని ఆవిడ మనసారా నమ్మింది.

ఈ ఏడాది తనిఖీకి కొత్త అధికారి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. మూడేళ్ళపాటు ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాల్ని తీసేసి, ఆ చోట పోటీ పరీక్షల గైడ్లు పెట్టాలని పైనుంచి ఆర్డరు. ఆయన ల్యాప్‌టాప్‌లోకి చూశాడు, బీరువాలోకి చూశాడు, మళ్ళీ ల్యాప్‌టాప్‌లోకి చూశాడు.

“మేడం, పద్దెనిమిదేళ్ళలో ఈ బీరువాలోంచి ఒక్క పుస్తకం బయటికి వెళ్ళలేదు. కానీ అట్టలు చూస్తే కుక్కలు పీకినట్టున్నాయి. ఇదేంటి?”

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, నిట్టూర్చాడు.

“నేను నమ్ముతాను మేడం. కానీ కాగితం నమ్మదు. రాయకపోతే ఎవరూ చదవనట్టే. ఒక పని చేయండి. ఈ బీరువా పుస్తకాలు చదివామని పదిమంది చేత రాయించి సంతకాలు పెట్టించండి. శనివారంలోగా ఇస్తే పైకి పంపిస్తాను. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం కూడా ఉండాలి.”

తల్లిదండ్రుల సంతకం! దేన్ని దాచడానికి ఇన్నేళ్ళు పాటుపడిందో, దాన్ని ఇప్పుడు తనే పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాలి. ఇప్పుడొచ్చే పిల్లలెవర్నీ అడగడానికి వీల్లేదు. మిగిలింది పాతవాళ్ళు. పిల్లలుగా వచ్చి చదివి, పెద్దవాళ్ళయి ఊళ్ళోనే ఉన్నవాళ్ళు. పేర్లు ఎక్కడా రాసి లేవు కాబట్టి, ముఖాలు గుర్తు తెచ్చుకుంటూ తిరగడం మొదలుపెట్టింది.

సిటీ బస్సు కండక్టరమ్మ సంతోషంగా టికెట్ల సంచీ మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. “మీ పుస్తకాల్లేకపోతే ఆ ఏడాది నేనేమైపోయేదాన్నో మేడం,” అంది. దాంతో ఆవిడకి కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం మర్నాటి దాకా కూడా నిలవలేదు. నర్సు రేపు రమ్మంది. రేపు వెళితే డ్యూటీ మారిపోయిందన్నారు, ఫోను ఎత్తలేదు. లాయరు నవ్వేసి, “నల్లకోటు వేసుకుని ప్రేమ నవలలకి సాక్ష్యం చెప్పమంటారా? పరువు పోతుంది మేడం,” అన్నాడు. పద్నాలుగేళ్ళప్పుడు ఒక నవల ముగింపు తట్టుకోలేక గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చినవాడే. బ్యాంకులో పనిచేసే ఇంకొకామె మొహం మీదే, “అది నేను కాదండీ, ఎవర్ని చూసి ఎవరనుకున్నారో,” అంది. మనుషులు చిన్నప్పటి జ్వరాల గురించి, దెబ్బల గురించి గొప్పగా చెప్పుకుంటారు. చిన్నప్పుడు చదివిన ప్రేమకథ దగ్గరికొచ్చేసరికి మాత్రం దొంగసొత్తు బయటపడ్డట్టు కంగారుపడతారు.

గురువారానికి నాలుగు సంతకాలయ్యాయి. ఇంట్లో ఆయన సోల్డరింగ్ గన్ పక్కన పెట్టి చెయ్యి చాపాడు.

“ఇటివ్వు, నేనూ పెడతాను. అన్నీ చదివానని రాయి.”

“మీరు వైండింగ్ చార్టు తప్ప ఏం చదివారండీ?”

“ఇరవయ్యేళ్ళుగా కథలన్నీ నాకే కదే చెప్పావు. అన్నం తినేటప్పుడు కూడా ఒకణ్ణి చంపకుండా ఉండలేదు నువ్వు.”

ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. సిబ్బంది ఇంట్లోవాళ్ళ సంతకం చెల్లదని చెప్పి కాగితం మడిచేసింది.

ఇంక ఒక్క ఆశ ఉంది. మందుల షాపామె. భర్తతో కలిసి షాపు నడుపుతుంది. చిన్నప్పుడు బీరువా మొత్తం రెండుసార్లు చదివిన పిల్ల. ఆ రోజుల్లో అయిదారుగురు స్నేహితురాళ్ళని వెంటేసుకుని వచ్చేది. వాళ్ళందరూ ఇప్పటికీ ఆమె మాట జవదాటరు. ఈమె సంతకం పెడితే మిగతా ఆరూ వచ్చినట్టే. అందుకే ఆవిడ ఈమెని చివరికి అట్టేపెట్టుకుంది. తప్పకుండా దొరికే చోటని ధీమా.

శుక్రవారం మధ్యాహ్నం, షాపులో రద్దీ లేనప్పుడు వెళ్ళింది.

“రండి మేడం. బీపీ మాత్రలా?”

“మాత్రలు కాదమ్మా. నీ సంతకం కావాలి.”

మందుల షాపామె కాగితం మొత్తం చదివింది. మడతలు సరిచేసి, మళ్ళీ ఆవిడ వైపే జరిపింది.

“నేను పెట్టను మేడం. ఏమనుకోకండి.”

“అదేంటమ్మా? నువ్వు చదవలేదా?”

“చదివాను కాబట్టే పెట్టను.” గొంతులో కోపం లేదు. “ఎవడో వస్తాడని, నా కోసం లోకాన్ని ఎదిరిస్తాడని పెళ్ళయ్యేదాకా కిటికీలోంచి చూశాను. వచ్చినాయన మంచివాడే, ఏ లోటూ చేయలేదు. కానీ ఏ రోజూ ఆయన్ని పూర్తిగా చూడలేదు నేను. ఆయన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తూనే ఉన్నాను. ఆ చీటీలు రాసి పెట్టారే, ఇది కూడా రాయాల్సింది కదా మేడం, చదివాక ఇలా అవుతుందని.”

ఆవిడ ఇన్నేళ్ళలో తన పుస్తకాల మీద ఇలాంటి ఫిర్యాదు విననేలేదు. ఏదో ఒకటి చెప్పి ఆ మాట తుడిచెయ్యాలన్న ఆత్రంలో నోరు జారింది.

“అలా అనకు తల్లీ. మీ అమ్మాయిని చూడు, అచ్చం నువ్వే! ‘ఎండ వాటా’ రెండో భాగం మొన్ననేగా పట్టుకెళ్ళింది. సాయంత్రాలు గ్రంథాలయంలోనే మూడేసి గంటలు కూర్చుంటుంది, కదలమన్నా కదలదు...”

మందుల షాపామె చేతిలో ఉన్న మాత్రల అట్ట గల్లా మీద పెట్టింది.

“సాయంత్రాలు మా అమ్మాయి లెక్కల ట్యూషన్‌కి వెళ్తుంది మేడం,” అంది. మళ్ళీ తనే, “వెళ్తుందనుకుంటున్నాను,” అంది.

పద్దెనిమిదేళ్ళు ఒక్క అక్షరం కాగితం మీద పెట్టకుండా కాపాడిన రహస్యాన్ని ఆవిడే స్వయంగా నడిచొచ్చి, తల్లి చెవిలో వేసింది. ఎవరో దగ్గు మందు కావాలంటూ వచ్చి నిలబడ్డారు. ఆవిడ కాగితం తీసుకుని మెట్లు దిగింది.

ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు. ఆర్నెల్ల కిందట లెక్కల గైడు కోసం వచ్చింది. ఎవరిమీద కోపమని అడిగితే, “ఎవరిమీదా లేదండీ,” అంది. “అయితే నీమీద నీకే అన్నమాట,” అని ఆవిడ ‘ఎండ వాటా’ మొదటి భాగం తీసిచ్చింది. ఆ కథలో నేల కింద పుట్టినవాళ్ళకి నెలకి ఒక్క గంట ఎండ ఇస్తారు. అద్దాలు తుడిచే ఒక పిల్ల, ఆ గంటని గడియారం పట్టుకుని కొలిచే ఒక కాపలావాడు. వాళ్ళిద్దరి మధ్య ఒక గోడ. ఆ పుస్తకం చదివి తిరిగొచ్చిన రోజున ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. అది చూసి ఆవిడ రెండు రోజులు గాల్లో తేలింది.

శనివారం పొద్దున్నే తల్లి వచ్చి రెండో భాగాన్నీ కూతురి కార్డునీ బల్లమీద పెట్టింది. అరవలేదు. “మీ రికార్డులో లేదుగానీ, పుస్తకం మీదే,” అని వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకి.

నాలుగు సంతకాలూ చూసి అధికారి తల అడ్డంగా ఊపాడు. సోమవారం వ్యాను వచ్చింది. పుస్తకాల్ని ప్లాస్టిక్ తాళ్ళతో కట్టలు కట్టారు. కాగితం మిల్లుకి పంపి గుజ్జు చేయిస్తారట. కొన్ని ఇంటికి పట్టుకెళ్తానని ఆవిడ బతిమాలింది. రద్దయిన ప్రభుత్వ సరుకు ఒక్కటి బయటికి పోయినా దొంగతనం కిందికే వస్తుందన్నాడు ఆయన. కట్టలు ఎత్తేవాడికి ఒక చీటీ దొరికింది. ‘హీరో ఉత్త పనికిమాలినవాడు,’ అని పైకి చదివి పకపకా నవ్వాడు. అధికారి లెక్క పెట్టించాడు. పిల్లల దగ్గరున్నవీ అప్పటికే తిరిగొచ్చేశాయి, రెండువందల పన్నెండూ ఉన్నాయి. “పద్దెనిమిదేళ్ళలో ఒక్కటి కూడా పోలేదా! నేను తిరిగిన ఏ లైబ్రరీలోనూ చూళ్ళేదు మేడం,” అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఆవిడకి పుండు మీద కారంలా తగిలింది.

ఆ తర్వాత మూడు వారాలు పిల్లలు ఒకరొకరే వచ్చారు. గైడ్లు చూశారు. వెళ్ళిపోయారు. ఎక్కడికి పోయాయని ఇద్దరడిగారు. మూడో వారం నుంచి అదీ లేదు.

ఒక సాయంత్రం బస్టాపులో నిలబడి ఉంటే, పక్కన ట్యూషన్ సెంటర్ మెట్ల మీద ఆ పిల్ల కనిపించింది. తల్లి స్కూటీ కోసం చూస్తోంది. ఇప్పుడు దింపడమూ ఎక్కించుకోవడమూ తల్లే. ఆవిడ చూపు తిప్పేసుకుంది. పిల్లే దగ్గరికొచ్చింది.

“మీరే చెప్పారటగా అమ్మకి.”

“అవును తల్లీ. తప్పు నాదే. కావాలని చెప్పలేదు.”

పిల్ల ఆ మాట పట్టించుకోలేదు. బ్యాగు పట్టీని వేలికి చుడుతూ అడిగింది.

“మూడో భాగంలో ఆ అద్దాలు తుడిచే పిల్ల పైకొస్తుందా?”

అబద్ధం చెప్పొచ్చు. పుస్తకం గుజ్జయిపోయింది, ఇంకెవరూ పట్టుకోలేరు. కానీ ఈ పిల్లకి ఒకసారి చేసిన ద్రోహం చాలు. రెండోది చేయడానికి ఆవిడకి మనసొప్పలేదు.

“రాదమ్మా. తన గంట ఎండ అతనికిచ్చేసి కిందే ఉండిపోతుంది.”

“మరి గోడ?”

“అలాగే ఉంటుంది.”

పిల్ల ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. పద్నాలుగేళ్ళ మొహం ఒక్కసారిగా వాళ్ళమ్మ మొహంలా అయింది.

“అదంతా మీకు ముందే తెలుసు. తెలిసి నాకు మొదటి భాగం ఎందుకిచ్చారు?”

ఇన్నేళ్ళలో ఎందరి చేతుల్లోనో ఎన్నో పుస్తకాలు పెట్టింది. ఎవరూ ఈ మాట అడగలేదు. తనని తనూ అడుక్కోలేదు. జవాబు ఉండే ఉంటుందని నోరు తెరిచింది. లోపల ఏమీ దొరకలేదు. ఈలోగా స్కూటీ వచ్చింది. తల్లి మర్యాదగా తల పంకించింది. పిల్ల బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆవిడ ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. తర్వాతది కూడా. ఇంటికెళ్ళాక ఇంత ఆలస్యమేంటని ఆయన అడిగితే, బస్సు దొరకలేదంది.